కీ తిప్పినా ఇంజను తిరగని 1997 మారుతి 800: మరమ్మతు డైరీ

ఈ బండి 1997లో నాన్న కొన్నది. ఏపీ 03 నంబరు, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, కార్బురేటరు, నాలుగు గేర్లు. తర్వాతి కార్లలో ఉండే ఇమ్మొబిలైజరు (సరైన కీ కాకపోతే ఇంజనును స్టార్టు కానివ్వని ఎలక్ట్రానిక్ తాళం) దీంట్లో లేదు. క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యే ఏర్పాటు కూడా లేదు. కాబట్టి కీ నుంచి, ఇంజనును మొదట తిప్పే సెల్ఫ్ మోటారు వరకు ఉన్న విద్యుత్తు దారి చాలా చిన్నది. ఆ చిన్న దారిలో ఎక్కడ లోపం ఉందో తెలుసుకోవడానికి నాకు అయిదు వారాలు పట్టింది. ఇదే వయసు బండి ఉన్నవారు అదే పనిని ఒక్క ఆదివారంలో ముగించుకోవచ్చు. అందుకే తప్పులనూ కొలతలనూ ఖర్చులనూ వరుసగా రాసిపెడుతున్నాను. దొరికిన లోపం తయారీది కాదు. వయసుది, మధ్యలో ఒకసారి వచ్చిన వరద నీటిది.

దశ 1: లక్షణం (మార్చి 9, 2025)

"బండి స్టార్టు కావడం లేదు" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఇంజను గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే పెట్రోలు వైపు, స్పార్కు వైపు చూడాలి. ఇంజను అసలు తిరగకపోతే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, వాటి మధ్య వైర్లు చూడాలి. మా బండిది రెండో జబ్బు.

ఉదయం తిరుపతి కొర్లగుంటలో ఇంటి ముందు చల్లగా ఉన్నప్పుడు కీ తిప్పితే కొంచెం బరువుగానైనా సెల్ఫ్ తీసుకునేది. ఎండలో పది కిలోమీటర్లు తిరిగి, ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ కీ తిప్పితే "టక్" అని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోయేది. కొన్నిసార్లు ఆ శబ్దమూ లేదు. అరగంట బానెట్ ఎత్తి ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది.

ఆ రోజు ఇంకొకటి కూడా గమనించాను: కీ తిప్పి పట్టుకున్నంతసేపూ డాష్‌బోర్డు దీపాలు మసకబారలేదు. బ్యాటరీ బలహీనమైనా, సెల్ఫ్ మోటారు బిగుసుకుపోయినా ఆ దీపాలు బాగా తగ్గుతాయి, కొన్నిసార్లు ఆరిపోతాయి. అవి నిండుగా వెలుగుతున్నాయంటే బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు బయటికి పోవడమే లేదని అర్థం. చూసింది చూసినట్టు నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని దాని అర్థాన్ని పట్టుకోలేదు.

దశ 2: కొలవకుండా మార్చినవి (మార్చి 16 నుంచి 30 వరకు)

మార్చి 16న బ్యాటరీ మార్చాను. మూడేళ్లు దాటింది కాబట్టి అదే కారణమని దుకాణంలో అన్నారు, నేనూ అడ్డు చెప్పలేదు. కొత్తది 35 ఆంపియర్-అవర్లది. పాతది ఇచ్చేయగా 3,600 రూపాయలు. పాతదానిని ఒక్కసారైనా మీటరు పెట్టి చూడకుండా ఇచ్చేశాను కాబట్టి అది నిజంగా చెడిందో లేదో ఇక తెలిసే దారి లేదు. ఈ డైరీలో నన్ను ఎక్కువగా బాధించే వాక్యం ఇదే.

మార్చి 18న అమ్మను మోకాళ్ల చికిత్సకు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంటకు బయటికి వచ్చి కీ తిప్పితే మళ్లీ అదే "టక్". అమ్మ చేతికర్ర మీద ఆనుకొని వేపచెట్టు నీడలో నిలబడి ఉంటే, అక్కడి ఆటో డ్రైవర్లు ఇద్దరు వెనక నుంచి తోశారు. రెండో గేరులో క్లచ్ వదలగానే ఇంజను అందుకొంది. కొత్త బ్యాటరీతో కూడా వేడి మీద అదే వరస.

మార్చి 23న సెల్ఫ్ మోటారు విప్పాను. దీనికి 12, 14 నంబర్ల పానాలు, ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు చాలు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను ముందు విప్పకుండా పానాను సెల్ఫ్ మోటారు దగ్గరికి తీసుకుపోకూడదు, ఎందుకంటే అక్కడి పెద్ద వైరుకు ఫ్యూజు ఉండదు. ఆటోనగర్‌లో మోటారు తెరిచి చూస్తే లోపలికి కరెంటు అందించే కార్బన్లు సగానికి పైగా ఉన్నాయి, అవి రాసుకునే కమ్యుటేటరు నల్లబడింది, ఇరుసును మోసే బుష్‌లు కొంచెం అరిగాయి. శుభ్రం చేసి కార్బన్లు, బుష్‌లు కొత్తవి వేయించాను. కూలితో కలిపి 950 రూపాయలు. బల్ల మీద బ్యాటరీకి కలిపితే మోటారు గుక్క తిప్పుకోకుండా తిరిగింది. నాకు నమ్మకం కుదిరింది.

మార్చి 30 ఉగాది. సాయంత్రం తిరుచానూరులో బండి మళ్లీ మొరాయించింది.

ఇప్పటివరకు ఖర్చు: 3,600 + 950 = 4,550 రూపాయలు. లోపం ఉన్నచోటనే ఉంది.

దశ 3: మీటరు (ఏప్రిల్ 6)

మా వీధి చివర ఒకప్పుడు ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి మానుకొన్న పెద్దాయన ఉన్నారు. జరిగిందంతా చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "బ్యాటరీ మార్చినావు, కార్బన్లు మార్చినావు, సరే. యాడన్నా కొలిచినావా నాయనా?"

450 రూపాయలు పెట్టి డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. మొత్తం 5,000.

మీటరుతోనూ మొదట తప్పే చేశాను. ఓమ్‌ల గుర్తు దగ్గర పెట్టి ఒక్కో వైరు అటుచివర, ఇటుచివర పట్టుకొని చూశాను. పెద్ద పాజిటివ్ వైరు 0.3 ఓమ్‌లు చూపింది, ఎర్తు పట్టీ (గేరుబాక్సును బాడీకి కలిపి, కరెంటును బ్యాటరీ నెగటివ్ వైపు తిరిగి చేర్చే అల్లిక వైరు) 0.3 చూపింది, మీటరు ముళ్లు రెండూ ఒకదానికొకటి తాకించినా 0.3 చూపింది. అన్నీ బాగున్నట్టే అనిపించింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్ల దాకా పోయే దారిలో ఓమ్‌లో వందో వంతు నిరోధం ఉన్నా ఒక వోల్టు పోతుంది. అంత చిన్న తేడాను చేతి మీటరు ఓమ్‌లలో చూపలేదు. కరెంటు పారుతున్నప్పుడు రెండు చివరల మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడడమే సరైన పద్ధతి.

పెద్దాయన దీన్ని నీళ్లతో పోల్చి చెప్పారు. కొళాయి కట్టేసి ఉన్నంతసేపు సగం పూడిన పైపులో కూడా ఒత్తిడి నిండుగానే కనిపిస్తుంది. కొళాయి తిప్పితేనే ధార సన్నబడుతుంది. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది.

కొలతకు ముందు చేయవలసినవి:

1. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు చక్రాల కింద రాళ్లు పెట్టాలి.
2. ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్న వైరును విప్పి పక్కకు చుట్టాలి.
3. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాలి.
4. కీ తిప్పడానికి రెండో మనిషి ఉండాలి. ఒక్కోసారి 5 సెకన్లకు మించకూడదు, తర్వాత ఒక నిమిషం ఆగాలి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు, అంటే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు తీసిన మొదటి కొలతలు ఇవి:

బ్యాటరీ, ఖాళీగా: 12.6 వోల్టులు
బ్యాటరీ, సెల్ఫ్ తిరుగుతుండగా: 10.6
బ్యాటరీ పాజిటివ్ నుంచి సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు పెద్ద కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) పెద్ద స్టడ్ వరకు నష్టం: 0.3
బ్యాటరీ నెగటివ్ నుంచి సెల్ఫ్ మోటారు ఒంటి వరకు నష్టం: 1.3

సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కంటే తగ్గకపోతే బ్యాటరీ మీద అనుమానం వదిలేయవచ్చు. పాజిటివ్ వైపు నష్టం 0.5 లోపు ఉంది కాబట్టి అదీ సరే. ఎర్తు వైపు నష్టం 0.2 దాటకూడదు, ఇక్కడ 1.3 పోతోంది. పెద్దాయన దగ్గరున్న డీసీ క్లాంపు మీటరు అదే సమయంలో 95 ఆంపియర్లు చూపింది. 1.3ను 95తో గుణిస్తే 120 వాట్లకు పైగా అవుతుంది. ఇంజను తిప్పవలసిన శక్తిలో అంత భాగం ఎర్తు దారిలో ఎక్కడో వేడిగా మారిపోతోంది.

దశ 4: ఎర్తు పట్టీ (ఏప్రిల్ 6, మధ్యాహ్నం)

నష్టాన్ని ముక్కలుగా విడదీసి కొలిచాను. బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి బాడీ వరకు 0.15. బాడీ నుంచి గేరుబాక్సు వరకు 1.1. మిగిలిన కొంచెం సెల్ఫ్ మోటారు కూర్చునే చోట. కాబట్టి లోపం బాడీకి, గేరుబాక్సుకు మధ్య ఉన్న అల్లిక పట్టీలోనే ఉంది.

పైనుంచి చూస్తే ఆ పట్టీకి ఏ జబ్బూ లేదు. నల్లటి మురికి కింద నిండుగా, బోల్టు గట్టిగా బిగించి ఉంది. విప్పి లగ్గు (బోల్టుకు తగిలించే చివరి లోహపు ముక్క) దగ్గర చేత్తో వంచితే, ఎండిన వరిగడ్డిలాగా పోగులు పుటపుట తెగిపోయి నా అరచేతిలో పచ్చటి పొడి రాలింది. లగ్గు లోపల రాగి రంగున్న పోగులు లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. 2021 నవంబరు వరదల్లో మా వీధిలో చక్రాల ఇరుసుదాకా నీళ్లు నిలిచాయి. అప్పుడు ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు మార్పించాం, సీట్లు ఎండబెట్టాం. ఈ జానెడు పట్టీని విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. వరదలో నానిన ఏ బండికైనా ముందుగా ఈ పట్టీని విప్పి, వంచి చూడమని నా మనవి.

పట్టీకి బదులు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకొని, ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కు, మరో చివర నేరుగా గేరుబాక్సు బోల్టుకు వేశాను. అక్కడి నుంచి బాడీకి ఇంకొక చిన్న ముక్క. బోల్టు కూర్చునే చోట ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూశాను. వైరు, లగ్గులు 260 రూపాయలు. మొత్తం 5,260.

కొలిస్తే నష్టం 0.45. తగ్గింది గాని చాలదు. కొత్త వైరు, కొత్త లగ్గు, అయినా 0.45 ఎందుకో అర్థం కాలేదు. అయిదు సెకన్లు సెల్ఫ్ తిప్పించి వేలితో తాకితే గేరుబాక్సు వైపు లగ్గు గోరువెచ్చగా ఉంది, బ్యాటరీ వైపు లగ్గు చల్లగా ఉంది. లగ్గులను నేను పట్టకారుతో నొక్కి బిగించాను. ఒకదానిలో పోగులు వదులుగా ఉన్నాయి. మరుసటి రోజు ఆటోనగర్‌లో హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టుతో రెండూ కొత్త లగ్గులు వేయించాను. 40 రూపాయలు, మొత్తం 5,300. నష్టం 0.15కు దిగింది. లావు వైర్ల లగ్గులను పట్టకారుతో నొక్కడం పనికిరాదు.

సెల్ఫ్ తిరిగే వేగం చెవికే తేడా తెలిసింది. ఉదయపు బరువు పోయింది. అయితే ఏప్రిల్ 9న రేణిగుంట నుంచి ఎండలో తిరిగి వచ్చి ఆపి, కీ తిప్పితే "టక్" కూడా లేదు.

దశ 5: కీ నుంచి సోలినాయిడ్ వరకు (ఏప్రిల్ 13)

ఇప్పుడు తెలిసింది ఏమిటంటే లోపాలు రెండు. ఎర్తు పట్టీ వల్ల సెల్ఫ్ బరువుగా తిరిగేది. వేడి మీద అసలు తిరగకపోవడానికి కారణం వేరే ఉంది. ఒక లోపం దొరకగానే వెతకడం ఆపేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది.

ఈసారి వేడి మీదే పరీక్షించాలని చంద్రగిరి దాకా పోయి వచ్చి, ఇంజను ఆపి ఎనిమిది నిమిషాలు ఆగాను. కీ తిప్పితే ఏమీ లేదు. కాయిల్ వైరు విప్పి, ఒక వైరు ముక్కను బ్యాటరీ పాజిటివ్ నుంచి సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కు క్షణం తాకించాను. సెల్ఫ్ వెంటనే తిరిగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ తిరిగింది. అంటే బ్యాటరీ, పెద్ద వైర్లు, సోలినాయిడ్, మోటారు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కీ తిప్పినప్పుడు ఆ చిన్న టెర్మినల్‌కు చేరవలసిన కరెంటు చేరడం లేదు. ఈ ఒక్క పరీక్ష మార్చి 9నే చేసి ఉంటే సెల్ఫ్ మోటారు విప్పే పనే ఉండేది కాదు. చేసేవారు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోవాలి. గేరులో ఉంటే బండి మీదికి దూకుతుంది.

తర్వాత కీ తిప్పి పట్టించి, దారి పొడవునా కొలిచాను. మొత్తం 12.1 వోల్టులు ఇలా పంచుకుపోతున్నాయి:

బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్ లోపలికి వచ్చే వైరు వరకు: 0.9
స్విచ్ లోపల, రెండు వైర్ల మధ్య: 2.7
స్విచ్ నుంచి సోలినాయిడ్ వరకు: 1.3
సోలినాయిడ్‌కు నికరంగా దక్కినవి: 7.2

సోలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి ప్లంజరు అనే ఇనుప కడ్డీని లాగేది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచేది. లాగే క్షణంలో రెండూ కలిసి ఇరవై, ముప్పై ఆంపియర్లు తీసుకుంటాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా అదంతా ఇగ్నిషన్ స్విచ్‌లోని చిన్న రాగి ముక్కల మీదుగానే పోతోంది. తిప్పిన ప్రతిసారీ చిన్న మెరుపు, ఆ మెరుపుకు రవ్వంత మసి.

మరి చల్లగా ఉన్నప్పుడు ఎందుకు పనిచేసేది? రాగి వేడెక్కితే దాని నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఇంజను పక్కనే ఉన్న సోలినాయిడ్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు చేరితే చుట్టు నిరోధం దాదాపు పావువంతు పెరిగి, అదే వోల్టేజీకి లాగే బలం తగ్గిపోతుంది. ఉదయం 7.2 వోల్టులతో ఎలాగో లాగగలిగిన ప్లంజరు, మధ్యాహ్నం అదే వోల్టులతో కదలలేదు. తిరుపతి ఎండ ఈ లోపాన్ని పుట్టించలేదు, ఇన్నాళ్లూ కనపడకుండా ఉన్నదాన్ని బయటపెట్టింది.

దశ 6: రిలే (ఏప్రిల్ 20)

రెండు దారులు కనిపించాయి. ఇగ్నిషన్ స్విచ్ మార్చవచ్చు; అయితే స్విచ్‌కు ముందు, వెనక ఉన్న పాత వైర్లలో పోయే 2.2 వోల్టులు అలాగే ఉంటాయి, కొత్త స్విచ్ మీద కూడా అదే బరువు పడుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెడితే పాత దారి మీద రిలే చుట్టుకు కావలసిన 0.15 ఆంపియరు మాత్రమే పోతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. రెండోది ఎంచుకున్నాను. పాత వైర్లను కోయలేదు. కనెక్టరు మార్చి పెడితే బండి మళ్లీ మొదటి స్థితికి వస్తుంది.

కొన్నవి: 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలే, దాని సాకెట్టు 160, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు 3 మీటర్లు 150, 30 ఆంపియర్ల ఫ్యూజు, దాని గూడు 60, చిన్న లగ్గులు, స్లీవు 50. కలిపి 420. మొత్తం 5,720.

1. బ్యాటరీ నెగటివ్ విప్పాలి.
2. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి రిలే 30 నంబరు కాలుకు వైరు వేయాలి.
3. రిలే 87 నుంచి సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కు వేయాలి.
4. ఇంతకుముందు సోలినాయిడ్‌కు వచ్చే పాత సన్న వైరును రిలే 86కు తగిలించాలి.
5. 85ను రంగు వేసిన బాడీకి కాకుండా బ్యాటరీ నెగటివ్‌కే తీసుకుపోవాలి.

మొదట రిలేను రేడియేటరు పక్కన, కాళ్లు పైకి ఉండేలా బిగించాను, అక్కడ స్క్రూ సిద్ధంగా ఉందని. ఏప్రిల్ చివర ఒక సాయంత్రం గాలివాన వచ్చిన తర్వాత సాకెట్టు తీసి చూస్తే లోపల నీటి చుక్కలు ఉన్నాయి. అలా వదిలేస్తే 30 నంబరు కాలు మీద ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి అది అన్నింటికంటే ముందు పచ్చబడుతుంది. మే 4న రిలేను బ్యాటరీ వెనక గోడకు మార్చి, కాళ్లు కిందికి ఉండేలా, వైర్లు కింది నుంచి పైకి వచ్చేలా బిగించాను. వైరు మీదుగా జారే నీరు కిందికే రాలిపోతుంది.

దశ 7: వేడి మీద మళ్లీ కొలతలు (మే 4, మధ్యాహ్నం 2 గంటలు)

చంద్రగిరి దాకా అదే దారి, ఎనిమిది నిమిషాల అదే విరామం.

సోలినాయిడ్‌కు దక్కే వోల్టులు: ముందు 7.2, ఇప్పుడు 11.6
ఎర్తు నష్టం: ముందు 1.3, ఇప్పుడు 0.15
సెల్ఫ్ కరెంటు: ముందు 95 ఆంపియర్లు, ఇప్పుడు 110
సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ: ముందు 10.6, ఇప్పుడు 10.4

చివరి వరస చూసి మొదట కంగారుపడ్డాను. మోటారు ఇప్పుడు ఎక్కువ కరెంటు తీసుకోగలుగుతోంది కాబట్టి బ్యాటరీ ఆ కొంచెం దిగుతోంది. మోటారు చేతికి అందేవి మాత్రం 9.0 నుంచి దాదాపు 10కి పెరిగాయి.

మొత్తం 5,720లో లోపం తీర్చినవి ఎర్తు వైరు 260, క్రింపింగ్ 40, రిలే సామాను 420, కలిపి 720 రూపాయలు. మీటరు 450 ఇంట్లోనే ఉంటుంది.

మే 25: రిలే పెట్టిన తర్వాత నోటుపుస్తకంలో 63 స్టార్టులు రాశాను, అందులో 29 వేడి మీద. ఒక్కటీ తప్పలేదు. అమ్మ ఇప్పుడు బండి ఎక్కేముందు "తోసేవాళ్లు ఉన్నారా" అని అడగడం మానేసింది. స్విచ్‌కు ముందున్న వైరు, దాని కనెక్టరులో ఏప్రిల్ 13న పోయిన 0.9 వోల్టుల సంగతి మిగిలే ఉంది. ఆ వైరు మీదే ఇగ్నిషన్ కూడా ఆధారపడి ఉంది కాబట్టి జూన్‌లో డాష్‌బోర్డు కింది భాగం విప్పి దాన్ని శుభ్రం చేయాలి. ఎర్తు వైరు రెండు చివరలూ నవంబరు వానల తర్వాత మళ్లీ కొలుస్తాను. 0.2 దాటితే లగ్గు విప్పాలి.